కంచం – ఖజానా

పాఠ్యభాగ ఉద్దేశం

ధరలు పెరిగినప్పుడు ప్రభుత్వం ఏమి చేయాలి, అందుకు ఎంత ఖర్చు పెట్టాలి అన్న వివాదం ప్రజాస్వామ్యంలో ఎన్నడూ ముగిసేది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో మొదలైన రెండు రూపాయల బియ్యం పథకం చరిత్ర ఆధారంగా ఆ వివాదంలోని ఉభయపక్షాల వాదాలను తెలియజెప్పడం, ప్రభుత్వ పద్దులను ప్రశ్నించే దృష్టిని విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఇంద్రప్రస్థం కొత్తగా వెలసిన కాలమది. మయుడు నిర్మించిన సభలో కొలువుదీరిన ధర్మరాజును చూడటానికి నారదుడు వచ్చాడు. కుశలప్రశ్నల రూపంలో ఆయన అడిగినవన్నీ రాజ్యపాలనకు సంబంధించిన ప్రశ్నలే. నీ వ్యయం ఆదాయంలో తగిన భాగానికి లోబడి ఉంటున్నదా? లెక్కలు రాసేవారు ప్రతిదినం ఆయవ్యయాలను నీకు నివేదిస్తున్నారా? కష్టంలో ఉన్న కర్షకుడికి విత్తనాలూ, భోజనమూ అందుతున్నాయా? అతనికి స్వల్పమైన వడ్డీకి అప్పు దొరుకుతున్నదా? వ్యాసభారతంలోని ఈ ఘట్టాన్ని నన్నయ తన సభాపర్వంలో తెలుగు చేశాడు.

ఈ ప్రశ్నలలో ఒక విశేషముంది. ఖజానాను గురించి అడిగిన నోటితోనే నారదుడు కంచాన్ని గురించి కూడా అడిగాడు. ఒకటి అడిగితే రెండవది అడగరాదని ఆయన అనుకోలేదు. నేటి శాసనసభలలో మాత్రం ఈ రెండు ప్రశ్నలను చెరొక పక్షం పంచుకొన్నట్లు కనబడుతుంది. ఒకరు పేదవాడి కంచాన్ని చూపుతారు. మరొకరు ఖాళీ అవుతున్న ఖజానాను చూపుతారు. ఈ వాదంలో నిజం ఎక్కడుందో తెలుసుకోవాలంటే మన రాష్ట్రంలోనే ప్రతి ఇంటికీ తెలిసిన ఒక ఉదాహరణను పరిశీలించాలి. అది బియ్యం ధర.

ఏవో ఒకటి రెండు వస్తువుల ధరలు కాక, అన్ని వస్తువుల ధరలూ ఎడతెగకుండా పెరుగుతూ పోవడాన్ని ద్రవ్యోల్బణం అంటారు. 1972లో దేశంలో చాలాచోట్ల వానలు మొహం చాటేశాయి. 1973 చివర ప్రపంచ విపణిలో ముడిచమురు ధర కొద్దినెలలలోనే దాదాపు నాలుగు రెట్లయింది. ఈ రెండు దెబ్బలతో 1974–75లో మన దేశంలో టోకు ధరలు అంతకుముందటి ఏడాదికంటె 20 శాతానికి మించి పెరిగాయి. అటువంటి సమయంలో ఉద్యోగికి కొంత ఆలస్యంగానైనా కరవు భత్యం పెరుగుతుంది. వ్యాపారి తన సరుకు ధర పెంచుకొంటాడు. రోజుకూలి చేసుకొనే మనిషికి మాత్రం ఈ రెండు దారులూ లేవు. కూలి నిన్నటిదే, కొట్టులో ధర నేటిది. ఆ తేడా ఆమె కంచంలో మెతుకుల రూపంలో తగ్గుతుంది.

2012ను ఆధార సంవత్సరంగా తీసుకొని రూపొందించిన వినియోగదారుల ధరల సూచీలో ఆహార పానీయాల వాటా 45.86 శాతం. ఇది దేశం మొత్తానికి వేసిన సగటు. నిరుపేద ఇంట తిండికయ్యే ఖర్చు వాటా ఇంతకంటె ఎక్కువగానే ఉంటుంది. కనుకనే ధరల మీద జరిగే రాజకీయ వాదం ముందుగా వంటింటి నుంచే మొదలవుతుంది. 1998లో ఉల్లిగడ్డల ధర ఢిల్లీ శాసనసభ ఎన్నికలలో ప్రధానాంశమయింది. తెలుగునాట ఆ స్థానం బియ్యానిది.

1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారం చేసిన నందమూరి తారక రామారావు, ఎన్నికలలో చేసిన వాగ్దానం ప్రకారం కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చే పథకాన్ని ఆ ఏడాదే అమలులో పెట్టారు. అల్పాదాయ కుటుంబాలకు కార్డులిచ్చి, చౌకధరల దుకాణాల ద్వారా నెలనెలా బియ్యం అందించారు. ధాన్యాన్ని సేకరించి, మరపట్టించి, నిలవచేసి, బండ్ల మీద దుకాణం దాకా చేర్చడానికి కొంత ఖర్చవుతుంది. ఆ మొత్తం ఖర్చుకూ, పేదవాడు చెల్లించే ధరకూ మధ్య ఉన్న తేడాను ప్రభుత్వం భరిస్తుంది. దీనినే రాయితీ అంటారు. అమ్మే ధర రెండు రూపాయల దగ్గరే నిలిచి, తెచ్చే ఖర్చు ఏటేటా పెరుగుతుంటే రాయితీ భారం కూడా ఏటేటా పెరుగుతుంది. వివాదానికి మూలం ఇక్కడే ఉంది.

ఈ పథకాన్ని సమర్థించినవారి వాదం బలమైనది. ఆకలితో ఉన్నవాడు పని చేయలేడు. అతని బిడ్డ చదువుకోలేదు. నెలకు సరిపడే గింజలు ఇంట్లో ఉన్న కూలి, ఆసామి ఇచ్చిన కూలికే తలవంచవలసిన అవసరం లేదు. బేరమాడే ధైర్యం ఆమెకు వస్తుంది. తిండికోసం వడ్డీవ్యాపారి గడప తొక్కవలసిన పని తప్పుతుంది. ధనికులకు పన్ను మినహాయింపులిచ్చినప్పుడు దానిని ప్రోత్సాహమని పిలిచి, పేదలకు బియ్యమిచ్చినప్పుడు మాత్రం దుబారా అనడం న్యాయం కాదని వీరంటారు.

విమర్శించినవారి వాదమూ తేలికైనది కాదు. ఖజానాలోని ప్రతి రూపాయికీ అనేక హక్కుదారులున్నారు. బియ్యానికి ఇచ్చిన రూపాయి కాలువకు చేరదు. పాఠశాల గదికి చేరదు. ఆసుపత్రి మందుకు చేరదు. అర్హత లేనివారి చేతికి కార్డులు చేరితే, దుకాణానికి రావలసిన బియ్యం దారిలోనే నల్లబజారుకు మళ్ళితే, పేదవాడి పేరు మీద పెట్టిన ఖర్చు వేరొకరి ఇల్లు నింపుతుంది. బియ్యం ఇంత చౌకగా దొరకడంవల్ల జొన్నలు, రాగులు, కొర్రలు పండించే మెట్టరైతు పంటకు గిరాకీ తగ్గిందన్న వాదం కూడా ఉంది. ఆదాయం పెంచకుండా ఖర్చు పెంచడం, మన పెద్దలన్నట్లు, అప్పుచేసి పప్పుకూడు తినడమే అవుతుందని వీరంటారు.

ఈ రెండు వాదాలను ఒక చిన్న లెక్కతో తూచి చూద్దాం. ఒక కుటుంబం నెలకు 25 కిలోల బియ్యం కొంటుందనుకొందాం. కిలో రెండు రూపాయలైతే 50 రూపాయలవుతుంది. ధరను 3 రూపాయల 50 పైసలకు పెంచితే 87 రూపాయల 50 పైసలవుతుంది. తేడా 37 రూపాయల 50 పైసలు. 1990లలో ఇది కూలికి వెళ్ళే స్త్రీకి చిన్న మొత్తం కాదు. పిల్లల పుస్తకాలకో, కాయకూరలకో, మందుకో చేరవలసిన సొమ్ము. ఇప్పుడు ఇదే తేడాను ఖజానా వైపు నుంచి చూద్దాం. అటువంటి కుటుంబాలు కోటి ఉన్నాయనుకొంటే నెలకు 37 కోట్ల 50 లక్షలు, ఏడాదికి 450 కోట్ల రూపాయలు. ఆనాటి రాష్ట్ర బడ్జెట్టులో ఇదీ చిన్న మొత్తం కాదు. ఒకే అంకె గుడిసెలోనుంచి ఒక రకంగానూ, సచివాలయం నుంచి మరొక రకంగానూ కనబడుతుంది. రెండు చోట్లా అది నిజమే. కనుక ఇందులో ఒక పక్షాన్ని దయామయులనీ, మరొక పక్షాన్ని కఠినహృదయులనీ తేల్చివేయడం తొందరపాటు.

వాదం అసలు అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉంది: ఈ ఖర్చెవరిది?

ఆ ప్రశ్నను మన రాష్ట్రంలో మొదట గట్టిగా అడిగినవారు శాసనసభ్యులు కారు, ఆర్థికవేత్తలూ కారు. నెల్లూరు జిల్లా పల్లెటూళ్ళలోని స్త్రీలు. 1980లలో ప్రభుత్వ రాబడిలో సారా మీద వచ్చే ఆదాయం ముఖ్యమైనదిగా ఉండేది. పొట్లాలలో నింపిన సారా మారుమూల పల్లెలకు కూడా చేరింది. బియ్యం తక్కువ ధరకు వచ్చిన ఇంటికే సారా పొట్లం కూడా వచ్చింది. 1990ల తొలినాళ్ళలో జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడులకు వచ్చిన స్త్రీలు, తమ వాచకంలో తాగుడువల్ల చెడిన కుటుంబాన్ని గురించిన పాఠం చదివారు. ఆ పాఠం వారికి కథలా తోచలేదు. తమ ఇంటి సంగతిలా తోచింది. దూబగుంట గ్రామంలో సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా ఎల్లలు దాటింది. ఒక చేత్తో ఇచ్చిన బియ్యం ఖర్చును మరొక చేత్తో తమ భర్తల కూలిడబ్బుల నుంచే రాబట్టుకొంటున్నారన్న సత్యాన్ని వారు ఏ బడ్జెట్టు పుస్తకం చదవకుండానే గ్రహించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది.

1990ల తొలి సంవత్సరాలలో కాంగ్రెసు ప్రభుత్వం బియ్యం ధరను కిలో 3 రూపాయల 50 పైసలకు పెంచింది. 1994 డిసెంబరులో రామారావు మళ్ళీ అధికారానికి వచ్చి, ధరను రెండు రూపాయలకు దించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. ఒక వైపు ఖర్చు పెరిగింది. మరొక వైపు పెద్ద రాబడి ఆగింది. 1996లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం రాష్ట్ర ఆర్థికస్థితి మీద శ్వేతపత్రం ప్రకటించి, ఆ ఏడాదే బియ్యం ధరను మళ్ళీ 3 రూపాయల 50 పైసలు చేసింది. 1997లో మద్యనిషేధాన్ని సడలించింది. ఖజానా ఊపిరి పీల్చుకొన్నది. ఆ ఊపిరిలో సగం మళ్ళీ పేదవాడి ఇంటి నుంచే వచ్చింది.

ఇటువంటి వివాదమే కరెంటు చార్జీల మీద కూడా జరిగింది. విద్యుత్తు సంస్కరణలలో భాగంగా 2000లో చార్జీలు పెంచినప్పుడు రాష్ట్రమంతటా ఆందోళన చెలరేగింది. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాదులోని బషీర్‌బాగ్‌లో ప్రదర్శకుల మీద పోలీసులు కాల్పులు జరపడంతో ప్రాణనష్టం సంభవించింది. పద్దుల మీద జరగవలసిన చర్చ వీధిలో నెత్తుటితో ముగియడం ఏ ప్రజాస్వామ్యానికైనా విషాదమే. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయిన రోజుననే వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం చేశారు. అప్పటికి 5 రూపాయలు దాటి ఉన్న కిలో బియ్యం ధరను ఆయన ప్రభుత్వం 2008లో రెండు రూపాయలకు దించింది. 2011లో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం దానిని ఒక రూపాయి చేసింది.

విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ధరను తగ్గించి పథకం ప్రారంభించిన పార్టీకి చెందిన ప్రభుత్వమే పదమూడేళ్ళ తరువాత ధర పెంచింది. ఒకప్పుడు ధర పెంచిన పార్టీయే తరువాత తగ్గించింది. కనుక కంచం వాదమూ, ఖజానా వాదమూ ఏ ఒక్క పార్టీ సొత్తూ కావు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు కంచం ముందుగా కనబడుతుంది. అధికారంలో కూర్చుని పద్దు విప్పినప్పుడు ఖజానా ముందుగా కనబడుతుంది. రెండింటినీ ఒక్కసారిగా చూడగలగడమే రాజనీతి.

2013లో పార్లమెంటు జాతీయ ఆహార భద్రతా చట్టాన్ని చేసింది. అంతవరకు ప్రభుత్వ దయగా ఉన్న చౌకబియ్యం ఆ చట్టంతో హక్కు అయింది. బియ్యం కిలో 3 రూపాయలకు, గోధుమలు 2 రూపాయలకు, జొన్న, రాగి వంటి చిరుధాన్యాలు ఒక రూపాయికి ఇవ్వాలని నిర్ణయించారు. 2023 జనవరి నుంచి ఆ ధర కూడా లేకుండా కేంద్రం ఉచితంగా ధాన్యమిస్తున్నది. 81 కోట్ల మందికి పైగా వర్తించే ఈ పథకాన్ని 2024 జనవరి 1 నుంచి అయిదేళ్ళపాటు కొనసాగించడానికి 11.80 లక్షల కోట్ల రూపాయలు ఖర్చవుతుందని కేంద్రప్రభుత్వం అంచనా వేసింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం చౌకధరల దుకాణాలలో సన్నబియ్యం పంపిణీని ప్రారంభించింది. నలభై ఏళ్ళలో బియ్యం కిలో రెండు రూపాయల నుంచి ఉచితం దాకా వచ్చింది. వాదం మాత్రం అక్కడే ఉంది.

ఎందుకంటే కార్డు మీద ధర తగ్గినంతమాత్రాన బియ్యం ఖర్చు తగ్గదు. అది చెల్లించే చేయి మాత్రమే మారుతుంది. ఆ చేయి ఎవరిదన్నదే అసలు సంగతి. అది పన్ను కట్టే సంపన్నుడిది కావచ్చు. సబ్బుబిళ్ళ కొన్న ప్రతిసారీ తెలియకుండానే పన్ను చెల్లించే పేదవాడిది కావచ్చు. గిట్టుబాటు ధర దక్కని రైతుది కావచ్చు. మద్యం దుకాణం ముందు నిలబడిన కూలిది కావచ్చు. ఎవరూ కట్టకపోతే, అది అప్పు రూపంలో రేపటి తరానిది అవుతుంది. రాష్ట్రప్రభుత్వం నోట్లు అచ్చువేయలేదు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే రాజ్యాంగంలోని 293వ అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి పొందాలి. అప్పుకు హద్దు ఉండాలన్న ఉద్దేశంతోనే 2003లో కేంద్రమూ, 2005లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమూ ద్రవ్య బాధ్యత చట్టాలు చేశాయి. అప్పులన్నీ చెడ్డవి కావు. కాలువ తవ్వించడానికి చేసిన అప్పును ఆ కాలువ కింద పండిన పంట తీరుస్తుంది. నిన్నటి అప్పుకు వడ్డీ కట్టడానికి చేసిన అప్పును ఏ పంటా తీర్చదు.

అయితే ఈ ప్రశ్నలు అడగడానికి వేదిక ఏది? రాజ్యాంగం 202వ అధికరణం ప్రకారం ప్రతి ఏడాదీ రాష్ట్ర ఆదాయవ్యయాల అంచనా శాసనసభ ముందుకు రావాలి. ఒక్కొక్క శాఖ ఖర్చును సభ చర్చించి ఆమోదించాలి. ఆచరణలో గడువు చివరిరోజున, చర్చకు రాని పద్దులన్నింటినీ ఒక్కసారిగా ఓటుకు పెట్టి ఆమోదించే పద్ధతి ఉంది. దానిని గిలెటిన్ అంటారు. కోట్లాది రూపాయల పద్దులు ఆ విధంగా మాట లేకుండానే గడచిపోతాయి. ఖర్చు అయిన తరువాత దానిని తనిఖీ చేసి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఇచ్చే నివేదిక సభకు వస్తుంది. ఆ నివేదికను శ్రద్ధగా చదివే ప్రతినిధులను ఎన్నుకోవడం మన చేతిలో ఉంది.

రేపు ఓటు వేయబోయే మీరు ఏ నాయకుడి ప్రసంగం విన్నా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ వాగ్దానంవల్ల ఎవరి కంచం నిండుతుంది? ఇందుకు సొమ్ము ఎక్కడినుంచి వస్తుంది? ఆ సొమ్ము కోసం ఏ పని ఆగుతుంది? ఇది ఆగిపోతే ముందుగా పస్తులుండేది ఎవరు? మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పేవాడు ఆశ చూపుతున్నాడు. రెండవ, మూడవ ప్రశ్నలకు మాత్రమే జవాబు చెప్పేవాడు లెక్క చూపుతున్నాడు. నాలుగింటికీ జవాబు చెప్పగలవాడే పాలించడానికి అర్హుడు.

ధర్మరాజు నారదుని ప్రశ్నలలో ఏ ఒక్కదానినీ కాదనలేదు. అన్నింటినీ శ్రద్ధగా విని, ఆ విధంగానే నడచుకొంటానన్నాడు. ఈనాడు సింహాసనం మీద ఉన్నది ప్రజలు. కనుక నారదుడై అడగవలసినవారూ, ధర్మరాజై జవాబు చెప్పవలసినవారూ మనమే.

కఠినపదాలు – అర్థాలు

ఆయవ్యయాలు : రాబడి, ఖర్చులు
కర్షకుడు : రైతు
విపణి : అంగడి, మార్కెట్టు
ద్రవ్యోల్బణం : ధరలన్నీ ఎడతెగక పెరుగుతుండటం
రాయితీ : ధరలో ప్రభుత్వం భరించే భాగం
దుబారా : వృథా ఖర్చు
గిరాకీ : సరుకును కొనేవారి కోరిక
శ్వేతపత్రం : ఒక విషయం మీద ప్రభుత్వం ప్రకటించే వివరణ పత్రం
పద్దు : లెక్క, ఒక శాఖకు కేటాయించిన ఖర్చు

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రెండు రూపాయల బియ్యం పథకం మీద ఉభయపక్షాల వాదాలను వివరించండి.
2. ‘ధర తగ్గినంతమాత్రాన ఖర్చు తగ్గదు’ అన్న అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. నారదుడు ధర్మరాజును ఏ విషయాలు ప్రశ్నించాడు?
2. నెల్లూరు జిల్లా స్త్రీల సారా వ్యతిరేక ఉద్యమానికి, ప్రభుత్వ రాబడికి గల సంబంధమేమిటి?
3. మంచి అప్పుకు, చెడ్డ అప్పుకు రచయిత చూపిన భేదమేమిటి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. రాయితీ అంటే ఏమిటి?
2. సారా నిషేధం ఎప్పుడు అమలులోకి వచ్చింది?
3. గిలెటిన్ అని దేనినంటారు?

ఈ) భాషాంశాలు
సంధులు : ద్రవ్యోల్బణం = ద్రవ్య + ఉల్బణం – గుణసంధి; ఖర్చెవరిది = ఖర్చు + ఎవరిది – ఉత్వసంధి
సమాసాలు : ఆయవ్యయాలు = ఆయమును, వ్యయమును – ద్వంద్వ సమాసం; మద్యనిషేధం = మద్యము యొక్క నిషేధం – షష్ఠీ తత్పురుష సమాసం; శ్వేతపత్రం = శ్వేతమైన పత్రం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ఉ) భాషాకృత్యం
మీ ఇంటి ఒక నెల ఖర్చును పెద్దలనడిగి పట్టికగా రాయండి. అందులో తిండికయ్యే వాటా ఎంతో లెక్కకట్టండి. బియ్యం ధర కిలోకు 10 రూపాయలు పెరిగితే మీ ఇంట్లో ముందుగా ఏ ఖర్చు తగ్గుతుందో ఒక పేరాలో రాయండి.